ఉపాధ్యాయులకు పనితీరు ఆధారిత వేతనం: ఉమ్మడి రాష్ట్ర పాఠశాలల్లో జరిగిన మూల్యాంకనం – ఫలితాలు, పరిమితులు

(ప్రత్యేక వ్యాసం)

ఉపాధ్యాయుల వేతనంలో కొంత భాగాన్ని విద్యార్థుల అభ్యసన ప్రగతితో ముడిపెడితే చదువు మెరుగుపడుతుందా అన్న ప్రశ్న అనేక దేశాలలో చర్చకు వచ్చింది. ఈ చర్చలో తరచుగా ప్రస్తావనకు వచ్చే అధ్యయనాలలో ఒకటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ప్రాంతాలలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో జరిగింది. 2005–06 విద్యా సంవత్సరంలో ప్రారంభమైన ఈ అధ్యయనం ఐదేళ్లు కొనసాగింది. స్వల్ప మొత్తంలో ఇచ్చిన బోనస్ సైతం విద్యార్థుల ప్రగతికి తోడ్పడినట్లు ఇందులో వెల్లడైంది. అయితే ఇటువంటి పథకాలు ఇతర దేశాలలో అన్నిచోట్లా ఇదే ఫలితాన్ని ఇవ్వలేదు. అందువల్ల పథకం రూపకల్పన, ఫలితాలను కొలిచే విధానం ప్రాధాన్యం సంతరించుకున్నాయి.

నేపథ్యం

ప్రభుత్వ పాఠశాలల వ్యయంలో అత్యధిక భాగం ఉపాధ్యాయుల వేతనాలకే వెళుతుంది. వేతనం అర్హతలను, సర్వీసును బట్టి నిర్ణయమవుతుందే తప్ప విద్యార్థులు ఏ మేరకు నేర్చుకున్నారన్న దానితో దానికి సంబంధం ఉండదు. 2003లో దేశవ్యాప్తంగా జరిపిన ఆకస్మిక తనిఖీలలో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులలో దాదాపు 25 శాతం మంది గైర్హాజరైనట్లు తేలింది. ఈ పరిస్థితిలో అదనపు నిధులను ఏ మార్గంలో ఖర్చు చేస్తే విద్యార్థికి ఎక్కువ మేలు జరుగుతుందో తెలుసుకోవడానికి అధ్యయనం చేపట్టారు.

రాష్ట్ర ప్రభుత్వం తరఫున అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ దీనిని నిర్వహించగా, ప్రపంచ బ్యాంకు సాంకేతిక సహకారం అందించింది. పరిశోధనకు ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేష్ సుందరరామన్ సారథ్యం వహించారు. మొదటి రెండేళ్ల ఫలితాలు 2011లో అంతర్జాతీయ ఆర్థికశాస్త్ర పత్రిక 'జర్నల్ ఆఫ్ పొలిటికల్ ఎకానమీ'లో ప్రచురితమయ్యాయి.

పాఠశాలల ఎంపిక

కోస్తా నుంచి రెండు, తెలంగాణ నుంచి రెండు, రాయలసీమ నుంచి ఒకటి చొప్పున ఐదు జిల్లాలను తీసుకున్నారు. వాటిలో 50 మండలాలను, మండలానికి 10 చొప్పున 500 పాఠశాలలను లాటరీ పద్ధతిలో ఎంపిక చేశారు. ఈ పాఠశాలలను తిరిగి లాటరీ ద్వారానే వందేసి చొప్పున ఐదు వర్గాలుగా విభజించారు. మొదటి వర్గంలో ప్రతి ఉపాధ్యాయునికి తన విద్యార్థుల ప్రగతిని బట్టి వ్యక్తిగత బోనస్, రెండవ వర్గంలో పాఠశాల మొత్తం ప్రగతిని బట్టి ఉపాధ్యాయులందరికీ సమానంగా ఉమ్మడి బోనస్ ప్రకటించారు. మూడవ వర్గానికి ఒక అదనపు కాంట్రాక్టు ఉపాధ్యాయుని, నాలుగవ వర్గానికి నగదు గ్రాంటును ఇచ్చారు. ఐదవ వర్గానికి అదనంగా ఏమీ ఇవ్వలేదు. మిగిలిన నాలుగు వర్గాల ఫలితాలను ఈ ఐదవ వర్గంతో పోల్చి చూశారు.

బోనస్ లెక్క

విద్యార్థుల సగటు మార్కులు ఏడాదిలో 5 శాతం కంటే ఎక్కువ పెరిగితే, ఆపై పెరిగిన ప్రతి ఒక్క శాతానికి రూ.500 చొప్పున మొదటి ఏడాది బోనస్ నిర్ణయించారు. ఉదాహరణకు సగటు 10 శాతం పెరిగితే బోనస్ రూ.2,500 అవుతుంది. సగటున చెల్లించిన బోనస్ ఉపాధ్యాయుని వార్షిక వేతనంలో 3 శాతం మాత్రమే.

సాధించిన మార్కులను కాక, పెరిగిన మార్కులను లెక్కలోకి తీసుకోవడం వల్ల వెనుకబడిన పిల్లలకు బోధించే ఉపాధ్యాయునికి అన్యాయం జరగలేదు. పరీక్షలను పాఠశాల సిబ్బంది కాక బయటివారు నిర్వహించారు. ఆరంభ పరీక్ష రాసి చివరి పరీక్షకు రాని విద్యార్థి వల్ల ఉపాధ్యాయుని లెక్కకు నష్టం కలిగేలా నిబంధన పెట్టారు. దీనితో బలహీన విద్యార్థులను పరీక్షకు దూరంగా ఉంచడంలో ప్రయోజనం లేకుండా పోయింది.

వెల్లడైన ఫలితాలు

రెండేళ్ల తర్వాత బోనస్ పాఠశాలల విద్యార్థులు ఐదవ వర్గం విద్యార్థుల కంటే గణితంలో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల మేర ముందంజలో ఉన్నారు. సులభంగా చెప్పాలంటే, మార్కుల క్రమంలో నిలబెట్టిన వంద మందిలో కింది నుంచి 50వ స్థానంలో ఉండే విద్యార్థి గణితంలో 61వ స్థానానికి, భాషలో 57వ స్థానానికి చేరినట్లు. బోనస్‌తో సంబంధం లేని సైన్స్, సాంఘిక శాస్త్రాలలో సైతం మెరుగుదల కనిపించింది. బట్టీ పట్టి రాయగల ప్రశ్నలలోనే కాక, అవగాహనను పరీక్షించే ప్రశ్నలలోనూ విద్యార్థులు రాణించారు.

నిధుల కోణంలో చూస్తే తేడా మరింత స్పష్టమవుతుంది. అదనపు ఉపాధ్యాయునికి లేదా గ్రాంటుకు దాదాపు అంతే మొత్తం వెచ్చించిన పాఠశాలలలో రెండేళ్ల ప్రగతి సగటున 0.08 ప్రామాణిక విచలనాలు కాగా, బోనస్ పాఠశాలలలో అది 0.22.

ఉపాధ్యాయుల హాజరులో మాత్రం మార్పు రాలేదు. హాజరైన వారే ఇంటిపని ఎక్కువగా ఇవ్వడం, బడివేళల తర్వాత తరగతులు తీసుకోవడం, అభ్యాస పరీక్షలు పెట్టడం, వెనుకబడిన వారిపై శ్రద్ధ చూపడం చేసినట్లు తెలిపారు.

మొదటి ఏడాది వ్యక్తిగత, ఉమ్మడి బోనస్‌ల ఫలితాలు సమానంగా ఉండగా, రెండవ ఏడాది నుంచి వ్యక్తిగత బోనస్ ముందంజ వేసింది. వ్యక్తిగత బోనస్ ఐదేళ్లూ కొనసాగిన పాఠశాలలలో ప్రాథమిక విద్య పూర్తి చేసిన విద్యార్థుల ప్రగతి గణితంలో 0.54, భాషలో 0.35కు చేరింది. ఉమ్మడి బోనస్ ఫలితం ఐదేళ్ల చివరికి గణాంకపరంగా నిర్ధారించదగినంత స్థాయిలో లేదు.

బోనస్ లేకుండా విద్యార్థుల లోపాలపై నివేదికలు అందజేసి, తరగతులను పరిశీలించడానికే పరిమితమైన మరో 100 పాఠశాలల అనుభవం కూడా గమనార్హం. పరిశీలకులు ఉన్నప్పుడు ఉపాధ్యాయులు చురుకుగా కనిపించినప్పటికీ, విద్యార్థుల మార్కులు పెరగలేదు.

వేతనాన్ని పనితీరుతో ముడిపెట్టే ఆలోచన పట్ల 80 శాతానికి పైగా ఉపాధ్యాయులు సుముఖత తెలిపారు. వయస్సు, అనుభవం, మూల వేతనం పెరిగిన కొద్దీ ఈ సుముఖత తగ్గింది.

ఇతర దేశాల అనుభవం

అమెరికాలోని నాష్‌విల్ నగరంలో 2006 నుంచి 2009 వరకు గణిత ఉపాధ్యాయులకు 15,000 డాలర్ల వరకు బోనస్ ప్రకటించినా, మొత్తం మీద మార్కులు పెరగలేదు. న్యూయార్క్ నగరం 2007లో ప్రారంభించిన పాఠశాల స్థాయి ఉమ్మడి బోనస్ పథకం ఆశించిన ఫలితం ఇవ్వకపోవడంతో 2011లో రద్దయింది. కెన్యాలో 1990 దశకం చివరలో జరిగిన ప్రయోగంలో బహుమతులతో ముడిపడిన పరీక్షల మార్కులు పెరిగాయి గాని ఆ ప్రగతి నిలవలేదు. అక్కడ అదనపు కృషి ప్రధానంగా పరీక్షల తయారీకే పరిమితమైంది.

ప్రధానోపాధ్యాయుల విషయం

అమెరికా ఫెడరల్ ప్రభుత్వం 2006లో ప్రారంభించిన ఉపాధ్యాయ ప్రోత్సాహక నిధి కింద ప్రధానోపాధ్యాయులకు సైతం బోనస్ ఇచ్చారు. 2017లో వెలువడిన తుది మూల్యాంకనం ప్రకారం విద్యార్థుల ప్రగతి మూడు, నాలుగు వారాల అదనపు చదువుకు సమానం. బోనస్‌కు అర్హులైన ఉపాధ్యాయులలో చాలామందికి తాము అర్హులమన్న సంగతే తెలియదని కూడా అందులో తేలింది. ఉపాధ్యాయులకు, ప్రధానోపాధ్యాయులకు కలిపి బోనస్ ఇచ్చినందున, ప్రధానోపాధ్యాయుల బోనస్ వల్ల మాత్రమే ఎంత మేలు జరిగిందో విడదీసి చెప్పడానికి వీలులేదు.

మూల్యాంకనంలో గమనించదగిన అంశాలు

* పథకం అమలైన పాఠశాలలను లాటరీ ద్వారా ఎంపిక చేశారా, పోల్చడానికి అమలు కాని పాఠశాలలు ఉన్నాయా?
* పరీక్షలు నిర్వహించి, మార్కులు వేసినది ఎవరు?
* లెక్కించినది మార్కుల స్థాయినా, పెరుగుదలనా?
* బోనస్‌తో సంబంధం లేని సబ్జెక్టులలో ఏం జరిగింది?
* బడి మానేసిన, పరీక్షకు రాని విద్యార్థులను ఎలా లెక్కించారు?
* అంతే మొత్తాన్ని మరో విధంగా వెచ్చించి చూశారా?
* ఎన్నేళ్ల ఫలితాలు అందుబాటులో ఉన్నాయి?

ఉమ్మడి రాష్ట్ర అధ్యయనానికీ పరిమితులు ఉన్నాయి. కొద్దిమంది ఉపాధ్యాయులే ఉండే గ్రామీణ ప్రాథమిక పాఠశాలలలో, బయటి సంస్థ పర్యవేక్షణలో ఇది జరిగింది. పట్టణ పాఠశాలలకు, ఉన్నత పాఠశాలలకు ఈ అంకెలను యథాతథంగా అన్వయించడం తగదు. అధ్యయనం ముగిసిన తర్వాత ఈ పథకం రాష్ట్రవ్యాప్త విధానంగా మారలేదు. వేలాది పాఠశాలలలో ఏటా నిష్పక్షపాతంగా పరీక్షలు జరిపించగల యంత్రాంగం లేకుండా బోనస్ మాత్రమే ప్రకటిస్తే, అధ్యయనంలో కనిపించిన ఫలితాన్ని ఆశించడానికి ఆధారం ఉండదు.