కుర్చీల మధ్య కౌగిలి

మసక వెలుతురులో ఒక కఫే. ఎటు చూసినా ఖాళీ కుర్చీలు, గుండ్రటి బల్లలు. వాటి మధ్య ఒక స్త్రీ, ఒక పురుషుడు గట్టిగా కావలించుకుని నిలబడ్డారు. సూటు వేసుకున్న మూడో మనిషి నింపాదిగా వచ్చి వాళ్ల చేతులు విడదీస్తాడు. పెదవులకు పెదవులు తగిలిస్తాడు. ఆమెను ఎత్తి అతని చేతుల్లో పెట్టి వెళ్లిపోతాడు. ఆ చేతులు ఆమెను పట్టుకోవు. జారి దబ్బున నేల మీద పడుతుంది. పడీపడగానే లేచి మళ్లీ అతన్ని వాటేసుకుంటుంది. మూడో మనిషి మళ్లీ వస్తాడు. చేతులు, ముద్దు, ఎత్తడం, పడటం. ప్రతిసారీ వేగం పెరుగుతుంది. చివరికి ఆ మూడో మనిషి పక్కన లేకున్నా, నేర్పిన పాఠాన్ని ఆ ఇద్దరూ తమకు తామే అప్పజెప్పుకుంటారు.

జర్మన్ నృత్య దర్శకురాలు పీనా బౌష్ కూర్చిన 'కఫే ముల్లర్' నృత్యం ఇది. 1978 మే 20న జర్మనీలోని వుపర్టాల్‌లో తొలి ప్రదర్శన జరిగింది. ఆ పేరుతోనే పీనాతో కలిపి నలుగురు నృత్య దర్శకులు తలా ఒక భాగం కూర్చారు. షరతులు అందరికీ ఒకటే: కఫే, చీకటి, ఒకరు ఎదురుచూడాలి, ఒకరు పడిపోవాలి, ఎర్రజుట్టు అమ్మాయి రావాలి. కాలానికి నిలిచింది పీనాది. ఆమెకు కఫే కొత్తేమీ కాదు. జోలింగెన్‌లో అమ్మానాన్నలు నడిపిన హోటల్లో, బల్లల కింద దూరి పెద్దల మాటలు వింటూ పెరిగింది.

సంగీతం 17వ శతాబ్దపు ఇంగ్లండ్ స్వరకర్త హెన్రీ పర్సెల్‌ది. ప్రియుడు ఓడెక్కి వెళ్లిపోతే కార్తేజ్ రాణి డైడో చనిపోయే ముందు పాడే విలాపం అందులో ఉంది. ఆ పాట అడుగున మంద్రస్వరాల వరుస ఒకటి మెట్టు మెట్టుగా దిగి, మళ్లీ మొదటికొస్తూ ఉంటుంది. వేదిక మీద కౌగిలిదీ అదే తోవ.

పీనా కూడా పల్చటి తెల్లగౌనులో, కళ్లు మూసుకుని ఆడేది. కొన్నాళ్ల తర్వాత మళ్లీ సాధన చేస్తుంటే పాత అనుభూతి చిక్కలేదట. మూసిన రెప్పల వెనక చూపు కిందికి ఉందా, ఎదురుగా ఉందా అన్నదాన్ని బట్టే అంతా మారిపోతోందని అప్పుడు గ్రహించింది.

కళ్లు మూసుకుని పరుగెత్తేవాళ్లు కుర్చీలకు తగిలి పడరా? అందుకే వేదిక మీద ఇంకొకడుంటాడు. వాళ్లు ఎటు తిరిగితే అటు ముందే ఉరికి కుర్చీలు లాగేస్తుంటాడు. మొదట్లో ఆ పని చేసింది రోల్ఫ్ బోర్జిక్. పీనా జీవిత సహచరుడు. అడ్డంగా కుర్చీలు నింపి ఆ రంగాలంకరణ చేసిందీ ఆయనే. 1980 జనవరిలో, 35 ఏళ్లకే పోయాడు. ఆ పని ఇతరుల చేతికొచ్చింది.

2002లో స్పెయిన్ దర్శకుడు అల్మొదోవార్ 'టాక్ టు హర్' సినిమాను ఈ నృత్యంతోనే మొదలుపెట్టాడు. ప్రేక్షకుల్లో ఒక నర్సు. ఆస్పత్రికి తిరిగొచ్చి, కోమాలో ఉన్న అమ్మాయికి తాను చూసిందంతా చెబుతాడు. ఆ ముచ్చట్లలో కుర్చీలు తీసే మనిషీ ఉంటాడు, అతని దిగాలు మొహమూ ఉంటుంది.