రాగిదారి, కాంతిదారి

పాత సి.డి. ప్లేయరు వెనకభాగాన్ని ఎప్పుడైనా తిప్పి చూసినవారికి రెండు డిజిటల్ ద్వారాలు కనిపించి ఉంటాయి. ఒకటి గుండ్రటి లోహపు సాకెట్. దానికి కొయాక్సియల్ కేబుల్ తగులుతుంది. రెండవది బుల్లి తలుపుతో మూసుకొనే చదరపు కన్నం. ప్లేయరు నడుస్తూండగా ఆ తలుపు తెరిస్తే లోపల ఎర్రని వెలుగు కనిపిస్తుంది. రెండింటిలోనూ ప్రవహించే సంకేతం ఒక్కటే. అటువంటప్పుడు రెండు దారులెందుకు? దేనిని ఎంచుకోవాలి? ఈ ప్రశ్నకు జవాబు చెవికంటె చరిత్రలోనే ఎక్కువగా దొరుకుతుంది.

రాగిదారి పాతది. నడుమ ఒక తీగ, దాని చుట్టూ విద్యుద్బంధకం, ఆపైన తొడుగులాగా మరొక వాహకం. ఈ ఏకాక్ష నిర్మాణానికి ఒకప్పటి టెలిగ్రాఫ్ ఉద్యోగి ఆలివర్ హెవిసైడ్ 1880లో ఇంగ్లండులో పేటెంటు పొందాడు. అమెరికాలో ఎస్పెన్‌షీడ్, ఎఫెల్ అనే ఇంజనీర్లు 1929లో దరఖాస్తు చేసి, 1931లో పొందిన పేటెంటుతో అది దూరప్రాంతాల టెలిఫోనుకు, ఆపైన టెలివిజనుకు రాజమార్గమైంది.

కాంతిదారి కథ మా వృత్తికి దగ్గరది. జారే నీటిధారలో వెలుగు బందీ అయి, ధారతోపాటే వంగుతుందని 1840ల తొలినాళ్ళలో జెనీవాలో కొలడాన్ చూపించాడు. తెలుగు మాధ్యమంలో చదివిన మేము సంపూర్ణాంతర పరావర్తనం అంటూ వల్లెవేసినది దీనినే. గాజుపోగుల కట్టద్వారా బొమ్మను పంపవచ్చునని హాప్కిన్స్, పంజాబులో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ 1954లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. అది చదివిన హిర్షోవిట్జ్ అనే వైద్యుడు మిషిగన్‌లో జీర్ణాశయాన్ని చూసే గొట్టాన్ని తయారుచేయించి, 1957లో మొదట తన గొంతులోకే దింపుకున్నాడు. కాంతిపోగు పాటను మోయడానికి ముందే కడుపులోపలి పుండును చూపించిందన్నమాట.

1982లో కాంపాక్ట్ డిస్కు బజారుకు వచ్చింది. క్షణానికి 44,100 నమూనాలు, ఒక్కొక్కటి 16 బిట్లు, రెండు చానళ్ళు. వెరసి క్షణానికి సుమారు 14 లక్షల బిట్లు. వాటిని ఒక పరికరంనుంచి మరొకదానికి చేర్చడానికి సోనీ, ఫిలిప్స్ సంస్థలు ఒక పద్ధతిని రూపొందించాయి. రాగితీగకు అర వోల్టు సంకేతం, 75 ఓమ్‌ల అవరోధం. 1983లో తోషిబా తన ప్లేయర్లను, రిసీవర్లను కలపడానికి మిల్లీమీటరు మందం ప్లాస్టిక్ పోగును, ఎర్రని ఎల్.ఇ.డి.ని వాడింది. తోషిబా లింక్ కాస్తా ‘టాస్‌లింక్’ అయింది.

అంకెలు రెండు దారులలోనూ చెక్కుచెదరకుండానే చేరతాయి. తేడా ఎర్తింగులో ఉంది. ఈ సంగతి నాకు మా ఇంట్లోనే తెలిసివచ్చింది. కేబుల్ టీవీ పెట్టెను కొయాక్సియల్ తీగతో యాంప్లిఫయరుకు కలిపిననాటినుంచి స్పీకర్లలో సన్నని రొద. వందల డాలర్ల కేబుల్ కొంటే పోతుందన్నాడు దుకాణదారు. కొనడానికి దాదాపు సిద్ధపడ్డాను కూడా. నిజానికి, వీధిలోనుంచి వచ్చిన కేబుల్ తొడుగు ఒకచోట భూమిని తాకుతోంది. యాంప్లిఫయరు గోడలోని ప్లగ్గుద్వారా మరొకచోట తాకుతోంది. ఆ రెంటి నడుమ ఉన్న స్వల్ప వోల్టేజి తేడావల్ల మా కొయాక్సియల్ తొడుగు వెంట విద్యుత్తు పారి, యాంప్లిఫయరులోని అనలాగ్ భాగంలో 60 హెర్ట్జ్ రొదగా వినిపించింది. అంకెలకు ఏమీ కాలేదు. పది డాలర్ల ఆప్టికల్ తీగతో రొద మాయమైంది. ప్లాస్టిక్‌లో విద్యుత్తు పారదు కదా!

సిగ్గుపడవలసిన విషయమేమిటంటే, ఈ సూత్రం నాకు తెలియనిది కాదు. గుండెకు నేరుగా తగిలే పరికరంనుంచి రోగిలోకి పారే విద్యుత్తు మామూలుగా 10 మైక్రో ఆంపియర్లకు మించరాదని నియమం. అందుకే మానిటర్లలో రోగివైపు భాగాన్ని గోడ విద్యుత్తునుంచి వేరుచేసి, సంకేతాన్ని చాలాసార్లు కాంతి రూపంలోనే దాటిస్తారు.

రాగి పక్షాన కూడా వాదం ఉంది. ఈ పద్ధతిలో కాలగడియారం కూడా సంకేతంలోనే కలిసి ప్రయాణిస్తుంది. అంచులు మొద్దుబారితే ఆ లయ కొద్దిగా తడబడుతుంది. క్రిస్ డన్, మాల్కమ్ హాక్స్‌ఫర్డ్ 1992లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ వేదికపై ఈ లోపాన్నే ప్రశ్నించారు. ఆనాటి చవక ఆప్టికల్ భాగాల విషయంలో అది న్యాయమైన అభియోగమే. లయను మళ్ళీ సరిదిద్దుకొనే నేటి రిసీవర్లతో ఆ తేడాను వినగలమని పందెం కాసేవారిని నేను నమ్మను. పొడవు పది మీటర్లు దాటినా, తీగను మూలల్లో బాగా వంచవలసివచ్చినా రాగే మేలు. క్షణానికి 1,92,000 నమూనాల రికార్డింగులను కొన్ని ఆప్టికల్ సాకెట్లు అందుకోలేవు.

2006లో బ్లూ-రే తెచ్చిన నష్టరహిత బహుచానల్ ధ్వని ఈ రెండు దారులలోనూ ఇమడదు. దానికి హెచ్.డి.ఎం.ఐ. కావలసివచ్చింది. టీవీలనుంచి రాగిసాకెట్ చాలావరకు మాయమైంది, ఎర్రకన్ను ఇంకా కొన్నింటిలో మిగిలింది. మా ఇంట్లో టీవీ పెట్టెకు ఆప్టికల్ తీగే. సి.డి. ప్లేయరుకు మాత్రం పాత కొయాక్సియల్ తీగను అలాగే ఉంచాను. దాని ప్లగ్గుకు రెండే కాళ్ళు, ఎర్తింగు లేదు.