దొరలు మనకు ఇంగ్లీషు నేర్పలేదా?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల సంఘములలో నలుగురు కూడిన చోట తరచుగా వినబడే మాట ఒకటున్నది. "దొరలు అన్నేండ్లు మన నడుమ ఉండి, ఆ ఇంగ్లీషేదో మన తాతలకు నేర్పిపోతే మన బతుకులు వేరే తీరుగ ఉండేవి" అని. గల్ఫు నుండి తిరిగి వచ్చిన సోదరులు ఈ మాట కొంచెము గట్టిగానే అంటారు. ఇందులో నిజమెంత, అన్యాయమెంత అని చూచుటకు శతవార్షిక సంచిక తగిన తావేనని నా తలంపు.

ముందుగా మన ప్రాంతము విడిచి సముద్రతీరమునకు పోవలెను. ఇంగ్లీషు బడి పెట్టుటకే దేశము విడిచి తెలుగు నేలకు వచ్చినవారు అక్కడ కనిపిస్తారు. రాబర్ట్ నోబుల్ గారు, హెన్రీ ఫాక్స్ గారు చర్చి మిషనరీ సొసైటీ పక్షమున 1841లో మచిలీపట్నము చేరారు. ఫాక్స్ గారు తెలుగులో ప్రసంగిస్తూ పల్లెలు తిరిగారు, 1848లో మరణించారు. నోబుల్ గారు 1843లో ఇంగ్లీషు బడి తెరిచి, పెండ్లి లేకుండా, ఒక్కసారైనా స్వదేశమునకు పోకుండా, 1865లో కన్నుమూసే వరకు దానిని పట్టుకొని ఉన్నారు. ఆ బడికి వచ్చినవారు ఎక్కువగా పెద్ద కులముల పిల్లలు. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మము పొందగానే పట్టణము కలవరపడి, బడి దాదాపు ఖాళీ అయినది. ఆయన మరల మొదటినుండి మొదలుపెట్టారు. నేడు నోబుల్ కళాశాలగా నిలిచినది ఆ బడియే.

అక్కడ ఇంగ్లీషుకు గిరాకీ ఎందుకున్నది? అది కంపెనీ పాలనలోని జిల్లా. కచేరీలో కొలువు కావలెనంటే ఇంగ్లీషు కావలెను. మన ప్రాంతము నిజాము ఏలుబడిలోనిది. ఇక్కడ 1880ల వరకు సర్కారు భాష ఫారసీ, ఆ తరువాత ఉర్దూ. జగిత్యాల తాలూకా కచేరీలో ఇంగ్లీషు అర్జీ పెట్టినవానికి ఏమి ఒరుగును? (విదేశీయులు జగిత్యాలకు కొత్త కాదు. అక్కడి నక్షత్రపు కోటను 1747లో ఇబ్రహీం ఖాన్ ధంసా ఫ్రెంచి ఇంజనీర్లచేత కట్టించాడని చెబుతారు. వారి భాష మాత్రము కోట గోడ దాటి రాలేదు.)

వెస్లియన్ మిషను 1879లో హైదరాబాదు రాజ్యమున పని ఆరంభించినప్పుడు విలియం బర్జెస్ గారి చుట్టు ఇంగ్లీషు ఉన్నది నిజమే. సికింద్రాబాదు దండులో సిపాయిలు, దొరల కుటుంబములు ఉండేవి. వెస్లీ ఉన్నత పాఠశాలలు అక్కడే వెలసినవి. పని కరీంనగరము వైపునకు, 1890లలో పాస్నెట్ గారితో మెదకునకు సాగిన కొద్దీ ఎదురైన ప్రజలు వేరు. వారు మాలపల్లెలు, మాదిగపల్లెల వారు. ఆ మిషను కథను ఫ్రెడరిక్ లాంబ్ గారు 1913లో గ్రంథముగా వ్రాస్తే, దాని పేరులోనే "మాల" అను మాట ఉన్నది. పట్వారి వ్రాసిన కాగితములో ఏమున్నదో తెలియక వేలిముద్ర వేసే మనిషికి ముందు కావలసినది ఏ అక్షరము? ఇంగ్లీషు అక్షరము కాదు.

కనుక విద్య నేర్ప వచ్చిన దొరయే ముందు పలక పట్టవలసి వచ్చినది. మున్షీ ఎదుట కూర్చుండి ళకారము, ణకారము పలుకుట నేర్చి, భాషా పరీక్ష నెగ్గితే గాని పూర్తి పని అప్పగించేవారు కారు. పల్లెలో బడి నడిపినది దొర కాదు, మన ఉపదేశకుడు. పగలు పసుల వెంట పోయే పిల్లలకు రాత్రి దీపము పెట్టి తెలుగు ఓనమాలు దిద్దించాడు. మన ప్రాంతమున "దొర" అంటే గడీలోని దొర కూడా. ఆ దొర ముందు నిలుచుండుటకే వెరచే బిడ్డ, ఈ దొర పెట్టించిన బడిలో కూర్చుండి పుస్తకము చదివినాడు. దీనిని చిన్న మేలనుట నాకు ఇష్టము లేదు.

అయినను ఫిర్యాదు పూర్తిగా అబద్ధమనలేము. బోర్డింగు బడులకు ఎన్నికైన కొద్దిమందికే ఇంగ్లీషు అందినది. వారు గురువులు, పంతుళ్లు, కాంపౌండర్లు అయ్యారు. పల్లెలో మిగిలినవారు మిగిలిపోయారు. నేనెరిగిన కుటుంబములలో మొదట ఇంగ్లీషు పలికినది నర్సింగు చదివిన ఆడబిడ్డయే. మిషను ఆసుపత్రిలో మందు చీటీ చదవవలెను గదా!

ఊరి పెద్దింటి పిల్లలకైనను ఇంగ్లీషు ధారాళముగా అందలేదని మరువరాదు. సిరిసిల్ల ప్రాంతపు హనుమాజీపేటలో 1931లో పుట్టిన సి. నారాయణరెడ్డి గారు తెలుగు కవిగా 1988 జ్ఞానపీఠము పొందినవారు. వారి చదువు సాగినది ఉర్దూ మాధ్యమములో. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో పుట్టినదే ఉర్దూ బోధనకు. ఇంగ్లీషు అక్కడ తప్పనిసరియైన ఒక పాఠ్యాంశము మాత్రమే. 1948 సెప్టెంబరులో నిజాము పాలన ముగిసిన తరువాతనే అక్కడ బోధన ఇంగ్లీషుకు మారినది. 1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినది, దొరలు క్రమముగా వెళ్లిపోయారు. ఇంగ్లీషుతో మన పట్టణములలో పని లేని కాలమున ఆ భాషవారు ఇక్కడ ఉన్నారు. పని పడిన కాలమునకు వారు లేరు. నా మట్టుకు ఈ ఫిర్యాదుకు అసలు జవాబిదే.

ఆ పని ఎట్లు పడినదో మీకందరకు తెలుసు. 1970లలో అరబ్బు దేశములలో చమురు ధర పెరిగి పనులు పుట్టినవి. ఇక్కడ చూస్తే చెరువులు ఎండుట, మగ్గము కూడు పెట్టకుండుట. సిరిసిల్ల నేతవారు భివండికి పోయినట్లే, కోరుట్ల, జగిత్యాల యువకులు దుబాయి బాట పట్టారు. ఇంట బీడీలు చుట్టే తల్లి, భార్య మిగిలారు. కరారు కాగితము అరబ్బీలోనో ఇంగ్లీషులోనో ఉండును. నాడు పట్వారి కాగితముపై వేలిముద్ర వేసినవాని మనుమడు, నేడు తెలుగులో చక్కగా సంతకము చేయుచున్నాడు గాని, కాగితములో ఏమున్నదో ఏజెంటు చెప్పినదే నమ్మవలెను. 1983 వలస చట్టము క్రింద, పదవ తరగతి దాటని కూలీకి అనేక దేశములకు పోవుటకు సర్కారు అనుమతి ముద్ర కావలెను. ఆ ముద్ర జీతము మాట చూచునేమో గాని కాగితము చదివి వినిపించదు.

ఇంగ్లీషు పంతుళ్లను తయారుచేయుటకు హైదరాబాదులో 1958లోనే కేంద్ర సంస్థ వెలసినది. అక్కడి విద్య మన పల్లె బడి వరకు నడచి వచ్చుటకు చాల కాలము పట్టినది. 2022-23లో తెలంగాణ సర్కారు బడులలో ఇంగ్లీషు మాధ్యమము మొదలైనది. నల్లబల్ల ముందు నిలిచినవారిలో చాలమంది తెలుగులో చదివిన ఉపాధ్యాయులే. మున్షీ ఎదుట దొర పడిన తంటా ఇప్పుడు వారు పడుచున్నారు. ఆ సంవత్సరము పిల్లలకిచ్చిన పాఠ్యపుస్తకములలో ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో అదే పాఠము తెలుగులో అచ్చువేశారు. వాటిని పిల్లలకన్న ముందు పంతుళ్లే తిరగవేయుచున్నారట.