నీళ్లు కొలిచారు, ఎముకలు కొలిచారు: ఫ్లోరోసిస్ ఇళ్లలో పిల్లల చాకిరీ

తాగునీటిలోని ఫ్లోరైడ్ ఎముకలను వంచే నల్లగొండ ఫ్లోరోసిస్ మీద పరిశోధనకు కొదవ లేదు. 1955లో సిద్దిఖీ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. 1973లో కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి మోకాళ్లు లోపలికి వంగిన రోగుల గురించి లాన్సెట్‌లో రాశారు. ఆ తర్వాత వచ్చినవాళ్లూ బోరునీళ్లు కొలిచారు, ఎక్స్‌రేలు చదివారు. మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు మంచం పట్టిన మనిషిని పొద్దున లేపేదెవరన్నది మాత్రం పెద్దగా ఎవరికీ ప్రశ్నగా తోచలేదు. పక్కనున్న పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లా వలసల మీద రాసినవాళ్లదీ అదే తీరు. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు, ముంబయి బస్సు, బడి మానేసిన పిల్లలు లెక్కకొచ్చారు గానీ, ఊళ్లో మిగిలిన నడవలేని తాతకు తోడుగా ఆగిపోయిన మనవరాలు రాలేదు. వికలాంగుల సంరక్షణ, బాలల పరిరక్షణ వేర్వేరు శాస్త్రాలన్న అలవాటే ఇందుకు కారణం. ఈ రెండు జిల్లాల్లో అవి ఒకే గడపలో ఉన్నాయి.

నా పేచీ ముఖ్యంగా, బాలకార్మికులను బడికి చేర్చే ఎం.వి. ఫౌండేషన్ సూత్రంతో. బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికుడేనని శాంతా సిన్హా, ఆమె సహచరులు రంగారెడ్డి జిల్లా అనుభవంతో వాదించారు. తమ్ముణ్ని ఎత్తుకుని ఇంటిదగ్గర ఆగిపోయిన ఆడపిల్లను లెక్కలోకి తెచ్చిన ఘనత ఆ సూత్రానిదే, కాదనను. అయితే బడి గేటే కొలబద్ద అయినప్పుడు, గేటు లోపలికొచ్చిన బిడ్డ గట్టెక్కినట్టే అనిపిస్తుంది. ఫ్లోరోసిస్ ఇంట్లో సంగతి వేరు: వెన్ను బిగుసుకుపోయిన మనిషి ఒత్తిగిల్లాలన్నా ఇంకొకరి చెయ్యి కావాలి. మెడ తిరగదు, గొంతుక్కూర్చోవడం కుదరదు, దొడ్డికి పోవాలన్నా సాయం ఉండాలి. తల్లి పత్తి ఏరడానికి కూలికి పోతే ఆ చెయ్యి పన్నెండేళ్ల కూతురిదే అవుతుంది. తండ్రిని చంకల కింద పట్టి లేపాలి, గోడకు ఆనించాలి, మొహం కడగాలి, అన్నం తినిపించాలి, మళ్లీ వచ్చేదాకా అందేట్టు చెంబు పక్కన పెట్టాలి. ఆ తర్వాతే బడి. హాజరు పట్టీలో ఆ పిల్ల ప్రెజెంటే. ఆడపిల్లలు అక్కడే ఉండి చదువుకునే కస్తూర్బా విద్యాలయంలో సీటు వచ్చినా ఇల్లు కదలలేని పిల్లకు ఆ సీటుతో ఏం పని?

చట్టాలూ ఈ పిల్లను చూడలేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం సంరక్షకుల్లో కుటుంబ సభ్యులను చేర్చింది గానీ వయసు ఊసెత్తలేదు. అదే ఏడు సవరించిన బాలకార్మిక చట్టం బడి వేళల తర్వాత కుటుంబానికి సాయపడటాన్ని మినహాయించింది. తెలంగాణ ప్రభుత్వ ఆసరా పథకం కింద వికలాంగుల పింఛను 2014లో 1,500 రూపాయలు, 2023కు 4,016 అయింది. అది మంచాన ఉన్నవారికి, మంచం పక్కన నిలబడ్డవారికి కాదు. ఈ పిల్లల బాల్యం మీదే ప్రభుత్వం తన సంరక్షణ ఖర్చు మిగుల్చుకుంటోందనడానికి నాకు సంకోచం లేదు.

మిషన్ భగీరథ పథకం కింద ఇంటికి మంచినీళ్లొచ్చాక ఇదంతా పాత కథేనంటారు. అప్పటికే వంగిన ఎముకలు కొత్త నీళ్లతో సాఫీ కావు. కన్నవాళ్లకు చేసేది చాకిరీ ఎట్లా అవుతుందన్నది మరో అభ్యంతరం. ప్రేమ ఉన్నంత మాత్రాన నడుంనొప్పి రాకుండా పోదు. చాకిరీ అంటే అధికారులొచ్చి పిల్లను హోంకు తీసుకుపోతారన్న భయంలో మాత్రం న్యాయముంది. కానీ 2015 బాల న్యాయ చట్టమే సంస్థలో ఉంచడం చివరి మార్గమంది. మార్చాల్సింది పిల్ల ఉండే చోటు కాదు, ఆమె చేసే పని. సదరం శిబిరంలో వైకల్య శాతం తేల్చే రోజునే, ఇంట్లో చూసుకునేదెవరు, వాళ్ల వయసెంత అని అడిగి రాయాలి. జవాబు పద్దెనిమిదిలోపు అయితే ఆ ఇంటికి జీతమిచ్చి పెద్ద మనిషిని పెట్టాలి.