విశ్వవిద్యాలయ పాఠ్యపుటల ఆవాసాలు: చారిత్రక పరిశీలన

ప్రవేశిక

అధ్యాపకుడు తరగతిలో చెప్పిన పాఠం ఎక్కడ నిలుస్తుంది? అచ్చుయంత్రం రాకముందు అది శిష్యుడు రాసుకున్న తాళపత్ర ప్రతిలో నిలిచింది. ఆ తరువాత పాఠ్యగ్రంథంలో నిలిచింది. గత మూడు దశాబ్దాలుగా పాఠ్యప్రణాళికలు, ఉపన్యాస సారాంశాలు, అభ్యాసప్రశ్నలు అంతర్జాలంలోని పాఠ్యపుటలకు చేరాయి. ఒక తరం బోధన ఎలా సాగిందో చెప్పే ప్రాథమిక ఆధారాలు ఇవి. ఈ పుటలు ఏ సర్వరులో, ఎవరి అధీనంలో ఉన్నాయన్న అంశమే వాటి పాఠకులనూ, ఆయుష్షునూ నిర్ణయించిందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సొంత పుటల దశ

జెనీవా సమీపంలోని సెర్న్ పరిశోధన సంస్థలో 1989 మార్చిలో టిమ్ బెర్నర్స్-లీ వెబ్‌కు మూలమైన ప్రతిపాదన చేశాడు. 1993 ఏప్రిల్ 30న ఆ సంస్థ ఈ సాంకేతికతను ఎలాంటి రుసుము లేకుండా అందరికీ విడిచిపెట్టింది. అదే సంవత్సరం ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలోని ఎన్.సి.ఎస్.ఏ. కేంద్రం మొజాయిక్ బ్రౌజరును వెలువరించింది. ఆ కేంద్రమే రూపొందించిన సర్వర్ ప్రోగ్రాములో అధ్యాపకులకు ఎంతో అనువైన ఏర్పాటు ఒకటి ఉంది. యూనిక్స్ యంత్రంలో ఖాతా ఉన్నవారు తమ ఫోల్డరులో నిర్ణీతమైన పేరుతో మరొక ఫోల్డరు తెరిచి, అందులో పాఠాలు ఉంచితే చాలు, అవి లోకానికంతటికీ కనిపించేవి. ఎవరి అనుమతీ అక్కరలేదు.

ఆ చిరునామాలలో ఖాతాదారు పేరుకు ముందు 'టిల్డే' అనే అల గుర్తు ఉండేది. 1970ల నాటి ఏడీఎం-3ఏ టెర్మినల్ మీద ఈ గుర్తు, 'హోమ్' అన్న మాట ఒకే మీటపై ఉండడం వల్ల అది సొంత ఫోల్డరుకు సంకేతమైంది. అంటే ఆ చిరునామా అధ్యాపకుని ఇంటిని సూచించేది. అయితే అది అద్దె ఇల్లే. ఉద్యోగం మారినా, పదవీ విరమణ జరిగినా ఖాతా రద్దయ్యేది. దానితోపాటు పుట కూడా పోయేది. విశ్వవిద్యాలయం బయట ఉచిత స్థలాన్ని ఆశ్రయించినవారి స్థితి కూడా మెరుగ్గా లేదు. 1994లో మొదలై, 1999లో యాహూ చేతికి వచ్చిన జియోసిటీస్ 2009 అక్టోబరులో మూతపడింది.

తాళం వేసిన తరగతులు

1990ల మధ్యలో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో ముర్రే గోల్డ్‌బర్గ్ వెబ్‌సీటీని రూపొందించాడు. 1997లో బ్లాక్‌బోర్డ్ సంస్థ ఏర్పడింది. హెచ్‌టీఎంఎల్ రాని అధ్యాపకుడు కూడా వీటిలో పాఠం ఉంచగలిగాడు. మార్కులు, చర్చలు, అభ్యాసాలు ఒకే చోటికి చేరాయి. ఈ సౌలభ్యంతోపాటు ప్రవేశపదమూ వచ్చింది. విద్యార్థుల సమాచార గోప్యతను కాపాడే 1974 నాటి అమెరికా చట్టం, దూరవిద్యలో ఇతరుల రచనల వినియోగాన్ని నమోదైన విద్యార్థులకు పరిమితం చేయమన్న 2002 నాటి చట్టం ఈ మార్పునకు బలం చేకూర్చాయి. 2006లో వెబ్‌సీటీ బ్లాక్‌బోర్డులో విలీనమైంది.

వెబ్‌సీటీ నిర్వహణలో అనుభవం గడించిన మార్టిన్ డూజియామస్ ఆస్ట్రేలియాలో రూపొందించిన మూడుల్ 2002 ఆగస్టులో విడుదలైంది. దాని ప్రోగ్రాము అందరికీ ఉచితం కనుక ఏ సంస్థ అయినా తన సర్వరులోనే దాన్ని నడుపుకోవచ్చు. యాజమాన్యం సమస్యకు ఇది ఒక పరిష్కారం. అయితే తరగతి తలుపు మాత్రం ఇక్కడ కూడా సాధారణంగా మూసే ఉంటుంది. ఈ మూసివేతకు చరిత్రకారుడు చెల్లించే మూల్యం పెద్దది. 1996లో ఆరంభమైన ఇంటర్నెట్ ఆర్కైవ్ బహిరంగ పుటలను భద్రపరచగలదు. ప్రవేశపదం వెనుక ఉన్నవాటిని చేరలేదు. అందుచేత సాంకేతికంగా వెనుకబడిన తొలిదశ పుటలకు లభించిన రక్షణ, తరువాతి దశలోని సంపన్నమైన పాఠాలకు లభించలేదు.

తెరచిన తలుపులు

2001 ఏప్రిల్‌లో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ తన పాఠాలను అందరికీ తెరుస్తామని ప్రకటించి, 2002 సెప్టెంబరులో ప్రయోగాత్మకంగా ఆరంభించింది. ఇక్కడ పుటకు ఆశ్రయం వ్యక్తి ఖాతా కాదు, సంస్థ సంకల్పం. అయితే సంస్థ తెరచిన తలుపును సంస్థే మూయనూ గలదు. బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఉంచిన ఉపన్యాసాలు వినికిడి లోపం వంటి వైకల్యాలున్నవారికి అందుబాటులో లేవని 2016లో అమెరికా న్యాయశాఖ తేల్చింది. ఆ ఆక్షేపణ న్యాయమైనదే. కానీ వాటిని సవరించడానికి బదులు విశ్వవిద్యాలయం 2017లో 20,000కు పైగా దృశ్య, శ్రవణ పాఠాలను బహిరంగ వీక్షణ నుంచి తొలగించింది.

భారతీయ, తెలుగు సందర్భం

మన దేశంలో విద్యాసంస్థలను కలిపిన ఎర్నెట్ 1986లో మొదలైనా, సామాన్యులకు అంతర్జాలం 1995 ఆగస్టు 15న అందింది. ఇక్కడ పాఠాలకు బహిరంగ ఆవాసం ప్రధానంగా జాతీయ వేదికల రూపంలో ఏర్పడింది: 2003లో ఎన్‌పీటెల్, 2017లో స్వయం.

తెలుగు పాఠానికి ఆవాసంతోపాటు లిపి సమస్య కూడా ఎదురైంది. 1991లోనే యూనికోడ్‌లో తెలుగుకు చోటు దక్కినా, 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఖతి వచ్చేదాకా సామాన్య వాడుకకు తగిన ఆధారం లేదు. అంతవరకు ఎవరి ఖతి వారిదే. అలాంటి పుట సర్వరులో చెక్కుచెదరకుండా ఉన్నా, దాని ఖతి లేనివారికి అర్థంలేని గుర్తుల వరుసగానే కనిపిస్తుంది. దీనికి భిన్నంగా బ్రౌణ్య నిఘంటువు చికాగో విశ్వవిద్యాలయం దక్షిణాసియా నిఘంటువుల ప్రణాళికలో అందరికీ అందుబాటులోకి వచ్చింది. అక్కడ బాధ్యత సంస్థది, లిపి ప్రమాణబద్ధం.

ఉపసంహారం

పై పరిశీలనలో మూడు ఆవాసాలు కనిపించాయి. వ్యక్తి ఖాతాలో స్వేచ్ఛ ఉంది, స్థిరత్వం లేదు. తాళం వేసిన వేదికలో సౌకర్యం ఉంది, బహిరంగత లేదు. సంస్థాగత బహిరంగ వేదికలో ఈ రెండు లోపాలూ తగ్గినా, పాఠం భవిష్యత్తు సంస్థ నిర్ణయానికి లోబడి ఉంటుంది. అందుచేత ఏ ఒక్క ఆవాసమూ చాలదు.

బ్రౌన్ తాళపత్రాలను సేకరించడంతో ఆగక, పండితులచేత వాటికి శుద్ధప్రతులు రాయించాడు. ప్రతి ఉన్న గ్రంథమే మిగిలింది. అధ్యాపకుని పాఠ్యపుటకూ ఇదే వర్తిస్తుంది. యూనికోడ్‌లో రాసి, సంస్థ వేదికలో ఉంచి, మరొక ప్రతిని విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి అప్పగించడం తెలుగు శాఖలు వెంటనే చేపట్టదగిన పని. లేకుంటే నేటి తరగతి గది చరిత్ర రాయబోయే రేపటి పరిశోధకునికి, పనిచేయని చిరునామాలే ఆధారాలుగా మిగులుతాయి.