తప్పు - ఒక మాట చరిత్ర

లోపములను దెలుపు మాటలకు మన భాషలో కొదువ లేదు. దోషము, లోపము అనునవి సంస్కృతమునుండి వచ్చినవి. మొదటిదానికి మూలమైన ధాతువు చెడుటను, రెండవదానిది తెగిపోవుటను తెలుపును. కొరత, వెలితి, తప్పు అచ్చముగా మన నుడులు. వీనిలో 'తప్పు' అను మాట ఇరుగుపొరుగు భాషల నడుమ మసలు మావంటి రాష్ట్రేతరాంధ్రులకు మిక్కిలి పరిచితము.

ఈ మాట నామమే కాక క్రియయు నగుచున్నది. గురి తప్పుట, దారి తప్పుట, మాట తప్పుట మొదలగు ప్రయోగములలో చేరవలసిన చోటు చేరక ప్రక్కకు తొలగుట యను భావము స్పష్టము. ఆపద తప్పినదన్నపుడు ఆ తొలగుటయే మేలగును. తమిళులు 'ఉయిర్ తప్పినాన్' అని ప్రాణములతో బయటపడినవానిని గూర్చి చెప్పుదురు. మన 'తప్పక'యే కన్నడిగుల 'తప్పదె'. 1961లో వెలువడిన బరో, ఎమెనో పండితుల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు ఈ రూపములన్నిటిని ఒక్కచోట చేర్చినది.

శాసనములును దీనికి సాక్ష్యమిచ్చును. 1336లో వెలసినదని ప్రసిద్ధమైన విజయనగర రాజ్యపు తొలి ప్రభువులు హరిహర బుక్కరాయలు 'భాషెగె తప్పువ రాయర గండ' యను బిరుదును వహించిరి. బాస తప్పు రాజులకు గండడని దాని అర్థము. బిరుదు కన్నడమైనను తెలుగువానికి వ్యాఖ్యానము అక్కరలేదు.

కులపంచాయితీలలో తప్పు కట్టుటయనగా దండుగ చెల్లించుట. అపరాధమునకు, దాని దండనకు ఒక్కటే పేరు. తప్పు కట్టినవానిని మరల తమలో కలుపుకొనుట ఆచారము. కావున త్రోవ తొలగినవాడు తిరిగి త్రోవకు రావచ్చునను నమ్మకము ఈ మాట వాడుకలోనే ఇమిడియున్నది.

ఇది మాకు నేడు పనికివచ్చు పాఠము. హోసూరు, మదుర, కోలారు ప్రాంతముల మన పిల్లలు మాటలాడు తెలుగును విని, తప్పుల తెలుగని నవ్వువారు కలరు. తరతరములుగా పొరుగు భాషలతో కలసి బ్రతికిన పలుకునకు యాస వేరగుట సహజమే గాని తప్పు గాదు. అక్షరములు రానిచో దిద్దింపవచ్చును. నవ్వుటచే పిల్లవాడు నోరు మూసికొన్నచో దిద్దుటకేమియు మిగులదు.

'బాస' యను మాటకు ప్రతిజ్ఞ యనియు, భాష యనియు రెండర్థములు గలవు. ఇంట తెలుగు మాటలాడుట మానినచో రెండును తప్పినవారమగుదుము.