నేల తాకాక అసలు పరీక్ష



విమానం నేల తాకగానే, ‘అమ్మయ్య, వచ్చేశాం’ అనుకుంటాం గదా! కాని ఒకప్పుడు విమానం నడపడం నేర్చుకునేవాళ్ళకు అసలు గండం అక్కడే మొదలయ్యేది. ఆ కథకూ మన సికిందరాబాదుకూ దగ్గర చుట్టరికం ఉంది.

సికిందరాబాదు పక్కనే ఉన్న బేగంపేటలో రెండో ప్రపంచ యుద్ధకాలంలో వైమానిక శిక్షణ పాఠశాల ఒకటి నడిచింది. అక్కడ కుర్రవాళ్ళు తొలిపాఠాలు నేర్చుకున్నది టైగర్ మాత్ అనే చిన్న విమానం మీద. అది ఇంగ్లండులో 1931లో మొదటిసారి ఎగిరింది. కిందా పైనా రెక్కలు, వాటికి గుడ్డ తొడుగు. ముందువైపు రెండు చక్రాలు, తోక కింద నేలకు ఆనే చిన్న ఊతం. మొదట్లో వాటికి బ్రేకులు కూడా ఉండేవి కావు.

నేలమీద నిలబడితే దాని తోక కిందికి, ముక్కు పైకి. ఎదురుగా ఏముందో నడిపేవాడికి కనపడదు. పక్కలకు తొంగి చూసుకోవాలి. దిగేటప్పుడు ఎత్తు అంచనా తప్పి ముందు చక్రాలు గట్టిగా తగిలాయనుకోండి, తోక కిందికి జారుతుంది. దాంతో రెక్కలు గాలికి ఎదురెత్తి, విమానం బంతిలా మళ్ళీ లేస్తుంది. లేచింది గాని నిలబడే వేగం ఏదీ? రెండోసారి పడటం మొదటిదానికంటె గట్టిగా ఉంటుంది.

అది తప్పినా ఇంకొకటుంది. పిల్లలు పీటకు తాడు కట్టి లాగితే అది బుద్ధిగా వెనకాలే వస్తుంది. అదే పీటను వెనకనుంచి కర్రతో తోసి చూడండి, ఏదో ఒక పక్కకు తిరిగిపోతుంది. తోకచక్రం విమానం సంగతీ అంతే. బరువు ముందు చక్రాలకు వెనకగా ఉంటుంది. ముక్కు కాస్త పక్కకు తిరిగితే చాలు, వెనక బరువు దాన్ని మరింత తిప్పుతుంది. పాదాలతో చుక్కానిని వెంటనే సరిదిద్దకపోతే విమానం గిర్రున తిరిగి రెక్క కొన నేలకు కొట్టుకుంటుంది, చక్రాల కాళ్ళు విరుగుతాయి. దీన్నే ‘గ్రౌండ్ లూప్’ అంటారు. అందుకే విమానం పూర్తిగా ఆగేదాకా ఎగురుతున్నట్టే లెక్క.

మన దేశంలో తయారై 1951లో ఎగిరిన హెచ్.టి.-2 శిక్షణ విమానానికీ, తర్వాత ఫ్లయింగ్ క్లబ్బులకు వచ్చిన పుష్పక్‌కూ తోకచక్రమే.

నూతిగట్టు మీద కోడలు జారిపడితే ‘నడక చేతకాదు’ అనేస్తాం. గట్టుకు పట్టిన పాచిని చూడం. ఇక్కడా అంతే. తప్పు నేర్చుకునేవాడిదే కావచ్చు, కాని ఆ తప్పును పెంచే గుణం యంత్రంలోనే ఉంది. ముక్కుకింద చక్రం పెట్టి, బరువును వెనక చక్రాలకు ముందుకు తెచ్చాక, పీటను తాడుతో లాగినట్టయింది. మన హెచ్.పి.టి.-32 అలాంటిదే. అయితే దానికి ఇంజను గొడవలు వచ్చిపడ్డాయి. 2009లో మెదక్ జిల్లాలో జరిగిన ప్రమాదంలో ఇద్దరు శిక్షకులు చనిపోయాక వాటిని ఆపేశారు. ఒక పాచి కడిగితే ఇంకోచోట చూసుకోవాల్సిందే!

మరి ‘ఆడవాళ్ళ వల్ల అవుతుందా?’ అన్న మాట సంగతేమిటి? 1947లో లైసెన్సు సంపాదించిన ప్రేమ్ మాథుర్‌ను ఇతర కంపెనీలు కాదన్నాక, ఉద్యోగం ఇచ్చింది మన బేగంపేటలోని డెక్కన్ ఎయిర్‌వేస్. ఆ కంపెనీ నడిపిన డకోటాలు పెద్ద విమానాలే, కాని వాటికీ తోకచక్రమే! 2016లో మన దుండిగల్ అకాడమీ నుంచి ముగ్గురు అమ్మాయిలు యుద్ధవిమానాల శాఖలోకి అడుగుపెట్టారు.

నడిపేది ఆడో మగో చక్రానికి తెలియదు. పాదం మెలకువగా ఉందా లేదా అన్నదే దానికి తెలుసు. మీ అమ్మాయి స్కూటరు నేర్చుకుంటూ పడితే, ‘నీకు చేతకాదు’ అనేముందు ఒక్కసారి బండినీ, రోడ్డునూ కూడా చూడండి. తర్వాత మళ్ళీ ఎక్కించండి.

సెలవు.